నిద్రకు ముందు సదురుడు

తాండూరులో బండల పాలిషింగ్ యూనిట్ ఆఫీసులన్నీ ఇంచుమించు ఒకే తీరుగా ఉంటాయి. తలుపు తీయగానే తడి రాయి వాసన, గోడకు నిరుటి క్యాలెండరు, టేబుల్ కింద కుయ్యిమనే యూపీఎస్. కీబోర్డు మీద వేలు పెడితే బూడిదరంగు పొడి అంటుకుంటుంది. పొద్దున తుడిస్తే సాయంత్రానికి మళ్లీ అంతే. అలాంటి ఒక గదిలో ఓ వానాకాలం సాయంత్రం నేనుండగా కరెంటు పోయింది. లెక్కలు చూసే కుర్రవాడు కాస్త ఆగి, తడబడకుండా హైబర్నేట్ నొక్కాడు. తెర నల్లబడింది గానీ హార్డ్‌డిస్కు లైటు టపటపా కొట్టుకుంటూనే ఉంది. యూపీఎస్ అరుపు వేగం పెంచింది. కాసేపటికి అరుపూ లైటూ రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. కరెంటు వచ్చాక కంప్యూటరు ఏమీ ఎరగనట్టు మొదటినుంచి లేచింది. పొద్దటినుంచి తెరిచి పెట్టుకున్న ఎక్సెల్ షీట్లు, సగం రాసిన కొటేషను, ఏవీ లేవు.

"అన్నా, పండవెట్టే ముందు ర్యామ్ ఖాళీ చేస్తే జల్ది పంటదంట గదా, నిజమేనా?" అని అడిగాడు.

అవునన్నా కాదన్నా సగం నిజమే అవుతుంది. ముప్పై ఏళ్లుగా కంప్యూటర్ తయారీదార్లు, ఆపరేటింగ్ సిస్టమ్ రాసేవాళ్లు ఈ ప్రశ్నకు ఒకరి తర్వాత ఒకరు వేర్వేరు జవాబులు చెబుతూనే ఉన్నారు. వాటన్నిటినీ వరసగా చూస్తే నాకొకటి అనిపించింది: గొడవంతా ఎంత ఖాళీ చేయాలన్నదాని మీద కాదు, ఏది పారేయాలో ఎవరు తేల్చాలన్నదాని మీద.

ముందు నిద్రలో రెండు రకాలున్నాయని గుర్తు పెట్టుకోవాలి. మామూలు స్లీపులో ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది, మిగతా భాగాలు మాత్రమే ఆగుతాయి. లేపితే క్షణంలో లేస్తుంది, కరెంటు పూర్తిగా పోతే మాత్రం అంతా మాయం. హైబర్నేట్‌లో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీదికి ఎక్కించి కంప్యూటరును పూర్తిగా ఆపేస్తారు. ఆ తర్వాత ప్లగ్గు పీకి వారం రోజులు అటకెక్కించినా ఫరవాలేదు. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి విడుదల చేసిన ఏసీపీఐ నియమావళి మొదటిదానికి ఎస్3 అని, రెండోదానికి ఎస్4 అని పేరు పెట్టింది. మన ప్రశ్న ఎస్4 గురించి.

అంతకు ముందే 1990లలో కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఈ పని బయోసే చేసేది. అందుకోసం డిస్కులో ఒక పార్టిషన్ విడిగా కేటాయించి ఉండేది. ర్యామ్‌లో ఏ పేజీలో సరుకుంది, ఏది ఉత్త పేజీ అన్నది బయోస్‌కు తెలియదు కాబట్టి మొత్తం ర్యామ్‌ను గంపగుత్తగా రాసేసేది. పార్టిషన్ ర్యామ్ కన్నా చిన్నదైతే పని జరగదు. ర్యామ్ పెంచుకున్నవాళ్లు డిస్కును మళ్లీ విభజించుకోవాల్సి వచ్చేది. ఏదీ పారేయని పద్ధతి ఇది. ఔదార్యంతో కాదు, ఏది పనికిరానిదో తెలియక. ర్యామ్ 16 ఎంబీ ఉన్న రోజుల్లో సాగింది గానీ ఆ తర్వాత సాగలేదు.

అందుకే పని ఆపరేటింగ్ సిస్టమ్ చేతికి వచ్చింది. అది వచ్చీ రాగానే ఒక చిక్కులో పడింది. రాస్తున్నది ర్యామ్‌ను, రాసే ప్రోగ్రాము కూర్చున్నదీ అదే ర్యామ్‌లో. డిస్కు డ్రైవరు ఒక్కో ముక్క రాసినప్పుడల్లా దాని లెక్కలు ర్యామ్‌లో మారుతుంటాయి. సగం పాత లెక్క, సగం కొత్త లెక్క ఉన్న ర్యామ్ ఫొటోతో రేపు నిద్ర లేపితే ఫైల్ సిస్టమే పాడవుతుంది. దీనికి లినక్స్ కనిపెట్టిన దారి ఇది: ప్రోగ్రాములన్నీ ఎక్కడివక్కడ ఆపాలి, పరికరాలను నిద్రపుచ్చాలి, ఒక్క ప్రాసెసర్ కోరును మాత్రమే మెలకువగా ఉంచాలి, ఏమీ కదలని ఆ క్షణంలో ర్యామ్‌లోనే ఇంకోచోటికి నకలు తీయాలి. అప్పుడు డిస్కును మళ్లీ లేపి తీరిగ్గా ఆ నకలును రాయాలి.

ఒకే నోటుబుక్కులోని లెక్కలకు అదే నోటుబుక్కులో నకలు రాయాలంటే సగం పేజీలు ఖాళీగా ఉండాలి కదా. ఇక్కడా అంతే. 8 జీబీ ర్యామ్‌లో 6 జీబీ వాడకంలో ఉంటే నకలు పట్టదు. సుమారు 4 జీబీ కిందికి దించి తీరాలి. నిద్రకు ముందు ర్యామ్ ఖాళీ చేయడం అనేది వేగం కోసం మొదలైన చిట్కా కాదు, ఈ సగం గోడ దాటడానికి తప్పనిసరైన పని. కుర్రవాడు విన్న మాటకు మూలం ఇక్కడుంది.

లినక్స్‌లో ఈ హైబర్నేట్ పనిని గాబర్ కుటి మొదలుపెట్టగా, చెక్ దేశపు పావెల్ మాఖెక్ ముందుకు నడిపాడు. 2002లో 2.5 కెర్నెల్‌లో చేరింది, పేరు స్వస్పెండ్. ఆ తొలి స్వస్పెండ్‌ది మరీ పిసినారి సర్దుడు. ఫొటో తీసే ముందు వీలైనంత ర్యామ్‌ను ఖాళీ చేసేసేది. ఫొటో చిన్నగా వచ్చేది, నిద్ర త్వరగా పట్టేది. తెల్లారి లేపితే మాత్రం నరకం. తెర వెంటనే కనిపిస్తుంది, మౌసు కదపండి, రాదు. బ్రౌజరు నొక్కండి, డిస్కు గిరగిరా తిరుగుతుంది. నిమిషాల తరబడి ప్రతి కిటికీ ఒక్కొక్కటిగా ఒళ్లు విరుచుకుంటూ లేస్తుంది.

ఎందుకో లెక్క వేసి చూస్తే ముచ్చటగా ఉంటుంది. పాత హార్డ్‌డిస్కు వరసగా ఉన్న డేటాను సెకనుకు 100 ఎంబీ వరకు చదవగలదు. అదే డేటా చెల్లాచెదురుగా ఉంటే సూది ఒక్కో చోటికి పోవాలి, సెకనుకు సుమారు వంద చోట్లకు పోగలదు. ర్యామ్ పేజీ 4 కేబీ. అంటే సెకనుకు 400 కేబీ. లినక్స్ స్వాప్‌నుంచి, అంటే ర్యామ్‌లో పట్టనివాటిని దాచే డిస్కు జాగానుంచి, తెచ్చేటప్పుడు మామూలుగా ఎనిమిదేసి పేజీలు కలిపి తెస్తుంది కాబట్టి పైకెళితే 3 ఎంబీ చిల్లర. ఫొటోలో ఉంచి ఉంటే 10 సెకన్లలో వచ్చే ఒక జీబీ, పారేస్తే తిరిగి చేరడానికి ఐదు నిమిషాలు దాటుతుంది. పడుకునేటప్పుడు మిగిల్చిన పది సెకన్లకు తెల్లారి వడ్డీ ఇలా పడుతుంది. వట్టి కరెంటు ఖర్చయితే సరిపెట్టుకోవచ్చు, ఎదురుగా గిరాకీ నిలబడి ఉంటాడు.

ఈ బాధ చూసే నైజెల్ కనింగ్‌హామ్ ఎదురు దారి పట్టాడు. ఆయన సస్పెండ్2, తర్వాతి పేరు టక్స్‌ఆన్‌ఐస్, ఏదీ పారేయనక్కర్లేదంది. కిటుకు ఇది: ప్రోగ్రాములను ఆపేశాక ర్యామ్‌లో చాలా భాగం, ముఖ్యంగా ఫైళ్ల క్యాష్, ఇక మారదు. మారనిదాన్ని నకలు తీయకుండానే ముందుగా నేరుగా డిస్కుకు రాసేయొచ్చు. రాసేశాక ఆ జాగానే మిగతా భాగానికి నకలు తీసుకునే నోటుబుక్కుగా వాడుకోవచ్చు. సగం గోడ ఎగిరిపోయింది. వాడినవాళ్లు ప్రాణం పెట్టేవాళ్లు. అయినా అది మూల కెర్నెల్‌లో ఎన్నడూ చేరలేదు. మారదు అనుకున్న పేజీని ఏ డ్రైవరో గ్రాఫిక్స్ కార్డో ఆ మధ్యలో కదిలిస్తే ఫొటో చెడిపోతుందన్న భయం ఒకటి. కోడు పెద్దది, రెండు పద్ధతులు పక్కపక్కనే ఎందుకన్న అభ్యంతరం ఇంకొకటి. ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు. నాకైతే కనింగ్‌హామ్ పక్షానే మనసు లాగుతుంది గానీ, ఒక్కసారి ఫైల్ సిస్టమ్ పోగొట్టుకున్నవాడు ఆ మాట అనడు.

మధ్యేమార్గం తెచ్చింది పోలండ్‌కు చెందిన రఫాయెల్ విసోత్స్కీ. 2006లో ఇమేజ్‌సైజ్ అనే చిన్న మీట కెర్నెల్‌లో చేరింది. ఫొటో ఎంతకు మించకూడదో మనమే చెప్పొచ్చు. మొదట్లో దాని విలువ 500 ఎంబీ, తర్వాత అందుబాటులో ఉన్న ర్యామ్‌లో ఐదింట రెండు వంతులు. సున్నా అని రాస్తే తొలి స్వస్పెండ్ పిసినారితనం తిరిగొస్తుంది. 2009లో ఖాళీ చేయించే తీరూ మార్చాడు. అంతకు ముందు హైబర్నేట్ కోడు పోయి మెమరీ మేనేజర్ని ఇంత ఖాళీ చేయమని విడిగా అడిగేది, అది ఒక్కోసారి చేసేది, ఒక్కోసారి మొరాయించేది. కొత్త పద్ధతిలో నకలుకు కావాల్సిన పేజీలను హైబర్నేటే ముందుగా కోరి పట్టుకుంటుంది. ఎవరో చోటు అడుగుతున్నారు కాబట్టి మెమరీ మేనేజరు తన రోజువారీ పద్ధతిలోనే పాతవాటిని బయటికి తోస్తుంది. చుట్టాలొస్తేనే ఇల్లు సర్దుకునేవాళ్లుంటారు చూడండి, అలాగ.

ఇంతకీ ఎవరిని బయటికి తోస్తుంది? ఈమధ్య ముట్టుకోనివాటిని. కెర్నెల్‌కు నిన్నటి సంగతి బాగా తెలుసు, రేపటి సంగతి తెలియదు. గంటసేపు ముట్టుకోని ఎక్సెల్ షీటు రేపు పొద్దున్నే మొదట కావాల్సింది కావచ్చు. ఇప్పుడే చూసి నవ్వుకున్న వీడియో ఇక జన్మలో అక్కర్లేకపోవచ్చు. కెర్నెల్ మొదటిదాన్ని పారేసి రెండోదాన్ని భద్రంగా మూటగడుతుంది.

ఇక చిట్కాల సంగతి. లినక్స్‌లో 2006నుంచీ క్యాష్ పారబోసే మీట ఒకటుంది. ముందు సింక్ కొట్టి, తర్వాత దాంట్లో 3 అని రాస్తే ఫైళ్ల క్యాష్ ఖాళీ. దీన్ని నిద్రకు ముందు నడిచే స్క్రిప్టులో పెట్టుకుంటారు చాలామంది. నా పాత 8 జీబీ ల్యాప్‌టాప్‌నే తీసుకోండి. ప్రోగ్రాముల సొంత డేటా 2 జీబీ, ఫైళ్ల క్యాష్ 4 జీబీ అనుకుందాం. ఐదింట రెండు వంతుల లెక్కన కెర్నెలే ఫొటోను 3.2 జీబీకి దించుతుంది, అందుకు ఎక్కువగా పారేసేది క్యాష్‌నే. నేను ముందే అంతా పారబోస్తే ఫొటో 2 జీబీ చిల్లరకు దిగుతుంది. తేడా ఒక జీబీ పైచిలుకు. రాసేటప్పుడు అదీ కుదించుకుపోయి సగమవుతుంది. మిగిలేది హార్డ్‌డిస్కు మీద ఐదారు సెకన్లు, ఎస్ఎస్‌డీ మీద ఒక్క సెకను. దీనికి స్క్రిప్టు దండగ.

అసలు చిక్కు రెండో తరహాలో ఉంది. ప్రోగ్రాముల సొంత డేటా 6 జీబీ, క్యాష్ కొంచెం. ముప్పై ట్యాబులు తెరిచిన బ్రౌజరుంటే ఇది మామూలే. ఇప్పుడు క్యాష్ పారబోసి లాభం లేదు. బ్రౌజరు డేటాకు డిస్కులో మూలం ఎక్కడా లేదు కాబట్టి పారేయలేం, స్వాప్‌లోకి పంపాలి. ఫొటో రాసేదీ అదే స్వాప్‌లో. రెండిటికీ చోటు చాలకపోతే హైబర్నేట్ మధ్యలో విఫలమై కంప్యూటరు మళ్లీ మేలుకుంటుంది, మూత వేసి సంచిలో పెట్టుకున్నవాడికి ఆ సంగతే తెలియదు. వికారాబాద్‌లో రైలెక్కేటప్పుడు మూసిన ల్యాప్‌టాప్‌ను తాండూరులో తీసేసరికి సంచి అడుగున పెనంలా కాలుతుండటం నాకొకసారి అనుభవం. అందుకే స్వాప్ ర్యామ్‌కు సమానంగా ఉంటే సరిపోతుందన్న పాత మాట నమ్మను. స్వాప్‌ను రోజూ వాడే మెషీన్‌లో ఇంకాస్త ఎక్కువే ఉండాలి.

మైక్రోసాఫ్ట్ కూడా ఈ గోడలనే గుద్దుకుంటూ వచ్చింది. ఎక్స్‌పీ రోజుల్లో ర్యామ్ ఒక జీబీ దాటిన మెషీన్లు కొన్ని, పని పూర్తిచేయడానికి సిస్టమ్ వనరులు చాలవని చెప్పి పడుకోనని మొండికేసేవి. ర్యామ్ పెంచితే వనరులు చాలవనడమేమిటని జనం జుట్టు పీక్కున్నారు, చివరికి విడిగా ఒక సవరణ విడుదలైంది. విండోస్ 7లో హైబర్నేట్ ఫైలుకు ర్యామ్‌లో 75 శాతం కేటాయించారు, విండోస్ 10కు వచ్చేసరికి 40. డేటాను కుదించి రాయడం వల్ల ఇది సాగుతోంది.

2012లో విండోస్ 8 ఇంకో ఎత్తు వేసింది. ఫాస్ట్ స్టార్టప్ పేరుతో, షట్‌డౌన్ నొక్కితే మనం తెరిచినవన్నీ మూసేసి, కెర్నెలునూ డ్రైవర్లనూ మాత్రమే హైబర్నేట్ చేస్తుంది. మనిషిది మొత్తం పారేసి, మెషీనుది మాత్రం దాచుకునే సర్దుడన్నమాట. ఫొటో చిన్నగా ఉంటుంది, రేపు పొద్దున అక్కరకొచ్చేదే ఉంటుంది. వేగం చూస్తే ఇది తెలివైన కోత. కానీ ఆ కుర్రవాడి కొటేషనుకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. పైగా షట్‌డౌన్ చేసినా నిజంగా షట్‌డౌన్ కాదు. అదే డిస్కును పక్కన లినక్స్‌తో తెరిచి రాస్తే ఫైల్ సిస్టమ్ చెడే ప్రమాదముంది. స్వేచ్ఛ లాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్ సంస్థల శిబిరాలకు పోయొచ్చి విండోస్ పక్కన లినక్స్ పెట్టుకున్న మన కాలేజీ పిల్లలు ముందు నేర్చుకోవాల్సిన జాగ్రత్త ఇదే.

ర్యామ్ క్లీనర్లని దొరికే ప్రోగ్రాముల మీద నాకు గౌరవం లేదు. అవి చేసేదల్లా నడుస్తున్న ప్రోగ్రాముల చేతిలోంచి పేజీలు గుంజుకోవడం. మారిన పేజీలు పేజింగ్ ఫైలులోకి పోతాయి, మళ్లీ కావాల్సి వస్తే ఒక్కొక్కటీ తిరిగి రావాలి. యూపీఎస్ మీద మూడు నిమిషాలు చేతిలో ఉన్నప్పుడు డిస్కుకు ఒకసారి రాసే బదులు రెండుసార్లు రాయించడమేం తెలివి?

ఈలోగా కొందరు అసలు ఈ తలనొప్పే వద్దనుకున్నారు. ఉబుంటు 2012నాటి 12.04నుంచి హైబర్నేట్‌ను ముందుగా ఆపి ఉంచుతోంది. ఫెడోరా 2020లో 33వ విడుదలతో స్వాప్‌ను డిస్కునుంచి తీసి ర్యామ్‌లోనే కుదించి దాచే జడ్‌ర్యామ్‌కు మార్చింది. 4 జీబీ మెషీన్లకు ఇది వరమే, కానీ ర్యామ్‌ను ర్యామ్‌లోకే హైబర్నేట్ చేయలేం. సెక్యూర్ బూట్ పెట్టుకున్న చాలా లినక్స్‌లలో భద్రత కోసం హైబర్నేట్ తలుపు మూసే ఉంటుంది. ఫొటోలో పాస్‌వర్డులు కూడా ఉంటాయి కాబట్టి ఆ భయం ఉత్తది కాదు.

పెద్ద మెషీన్లలో మాత్రం ప్రశ్న ఇంకా వేడిగానే ఉంది. తాండూరున్న వికారాబాద్ జిల్లాకు పొరుగునే ఉన్న షాబాద్ మండలం చందనవెల్లిలో అమెజాన్ డేటా సెంటరుంది. అది భాగమైన హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. అమెజాన్ క్లౌడ్ 2018నుంచి సర్వర్లకు హైబర్నేట్ ఇస్తోంది. ఏమీ పారేయమని అడగదు, ర్యామ్‌కు సరిపడా డిస్కు చూపించు, దాన్ని ఎన్‌క్రిప్ట్ చెయ్యి అంటుంది. గరిష్ఠంగా 60 రోజులు పడుకోనిస్తుంది. డబ్బున్నచోట సర్దుడు అక్కర్లేదు. కానీ డబ్బూ చాలని చోటొకటి 2025లో బయటపడింది. ఒక్కోదాంట్లో 192 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డులు ఎనిమిది పెట్టిన సర్వర్లను పడుకోబెట్టబోతే, కార్డుల్లోని ఒకటిన్నర టెరాబైట్లు ముందు ర్యామ్‌లోకి దిగుతాయి. ర్యామ్ 2 టెరాబైట్లున్నా మళ్లీ అదే సగం గోడ. ఏఎండీ ఇంజనీర్లు పంపిన సవరణ ఏమిటంటే, ఆ డేటాను ఫొటో తీసే ముందే స్వాప్‌లోకి తోసి ర్యామ్ ఖాళీ చేయడం. స్వస్పెండ్ రోజుల సర్దుడే, కొలత మారింది.

తాండూరు ఆఫీసుకు వద్దాం. అక్కడి యూపీఎస్‌లో ఉండేది 12 వోల్టులు, 7 ఆంపియర్‌అవర్ల బ్యాటరీ, గుణిస్తే 84 వాట్‌అవర్లు. కొత్తదైతే ఆ కంప్యూటరును పది నిమిషాలైనా మోస్తుంది. అక్కడున్నది మూడేళ్ల ముసలిది. పక్క షెడ్డులో పాలిషింగ్ మోటార్లు స్టార్టయినప్పుడల్లా ఓల్టేజి కుంగి, ఆ బ్యాటరీ రోజుకు ఇరవైసార్లు చెయ్యి వేస్తుండేది. 4 జీబీ ర్యామ్ ఫొటో ఆ డిస్కుకు అర నిమిషం పని. ఆ సాయంత్రం దెబ్బ కొట్టింది ర్యామ్ నిండటం ఒక్కటే కాదు. యూపీఎస్ రెండు నిమిషాలు అరిచాక, ఇక ఆగిపోతుందనగా కుర్రవాడు హైబర్నేట్ నొక్కాడు.

నెల తర్వాత వెళ్లి బ్యాటరీ మార్పించాను. స్లీప్ మీటకు హైబ్రిడ్ పెట్టాను. అంటే ర్యామ్‌కు కరెంటు ఇస్తూనే డిస్కు మీదా ఒక నకలు రాసి ఉంచుతుంది. కరెంటు త్వరగా వస్తే క్షణంలో లేస్తుంది, రాకపోతే నకలు ఉండనే ఉంది. విస్టా కాలంనుంచీ విండోస్ డెస్క్‌టాపుల్లో ఉన్నదే, ఎవరూ ముట్టుకోరు. అందులో ఉన్న ర్యామ్ క్లీనరు తీసేయబోతే కుర్రవాడు అడ్డుపడ్డాడు.

"మరి ఖాళీ ఎవలు చేయాలె?"

"నువ్వే. రేపొద్దున ఏది కావాల్నో నీకెరుక, దానికెరుకలేదు."

సరే చూద్దామని ప్లగ్గు పీకేశాం. యూపీఎస్ కుయ్యిమంది. వాడు ఎక్సెల్‌ను సేవ్ చేశాడు, కొటేషన్ సేవ్ చేశాడు, బ్రౌజరు మీదికి మౌసు పోనిచ్చి ఒక్క క్షణం ఆగాడు. క్రికెట్ స్కోరు నడుస్తోంది. నా వైపు చూశాడు. మూసేసి, స్లీప్ నొక్కి, గోడ గడియారం చూస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పంతొమ్మిది దగ్గర డిస్కు లైటు ఆరింది.